చీటీ వెనక పేరు

కరోనా రెండో వేసవిలో ఒక మధ్యాహ్నం నా ఫోన్‌కు నూట నలభై మూడు ఫొటోలు వచ్చాయి. రెండుసార్లు లెక్కపెట్టాను కనుక ఆ సంఖ్యలో పొరపాటు లేదు. పంపినది ఫ్రెనీ. నాన్‌పురాలో ఉన్న తాతగారి పాత ఇంటిని అమ్మకానికి పెట్టి, సామాను సర్దడానికి ముంబై నుంచి సూరత్ వచ్చి, రాకపోకలు ఆగిపోవడంతో ఇక్కడే చిక్కుకుపోయిన పార్సీ మనిషి. వాళ్ల తాతగారిని నేను సొరాబ్ కాకా అని పిలిచేదాన్ని. ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది. అటక మీద నాన్‌ఖటాయీ డబ్బాలు దొరికాయట. వాటిలో బిస్కెట్లకు బదులు అట్టముక్కల చీటీలు ఉన్నాయట. ప్రతి చీటీ మీదా ఒక మాట, ఆ మాట వాడిన ఒక వాక్యం, దాని కింద లాటిన్, గ్రీకు, సంస్కృతం, పారశీకం. భూతద్దం పెట్టుకుని ముందున్న కొన్నిటిని చూశాను. నీలం సిరాతో గుండ్రంగా, గీత దాటకుండా రాసిన ఆ తెలుగు నాది. అప్పుడు నాకు పదకొండేళ్లు.

"ఆంటీ, ఆ రాత మీదేనని నాన్న చెబుతుండేవాడు. నిజమేనా?" అంది ఫ్రెనీ ఫోన్‌లో, హిందీలో.

"నిజమే. వెనక వైపు ఫొటోలు ఎందుకు తీయలేదు?"

"వెనకా? వెనక ఏముంది ఆంటీ, పెన్సిల్‌తో ఏవో పేర్లు. కమిటీవాళ్లు మాటలు చాలన్నారు."

ఏవో పేర్లు! మునిసిపల్ తెలుగు బడిలో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పినదాన్ని. జవాబు సరిగా ఉన్నా, అది ఎలా వచ్చిందో చూపించని పిల్లకు నేను మార్కు వేసేదాన్ని కాదు. ఆ కమిటీ అన్నది కాకా మీద గౌరవంతో ఆయన పనిని పుస్తకంగా వేయాలని పూనుకున్న నలుగురైదుగురు పండితుల బృందం. వాళ్లు రాసిన ముందుమాట చిత్తుప్రతిని కూడా ఫ్రెనీ పంపింది. అందులో ఒక వాక్యం దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. "తెలుగు, ఉర్దూ, గుజరాతీ ప్రయోగాలు స్థానిక కూలీల నుంచి సేకరించినవి." అంతే. ఒక్క ముక్కలో ఒక ఊరి మనుషులందరినీ తుడిచేశారు. ఆ రోజు నేను అన్నం సగంలో వదిలేసి లేచాను. ఎందుకంత కోపం వచ్చిందో చెప్పాలంటే ఆ ఇంటికి వెళ్లాలి.

మా అమ్మ రాజవ్వ ఆ ఇంట్లో గిన్నెలు తోమేది. మాది కరీంనగర్ వైపు పల్లె. నాయిన మగ్గం పని కోసం సూరత్ వచ్చి బేగంపురాలో ఒక గది తీసుకున్నాడు. పొద్దుటిపూట అమ్మ ఇంట్లో దారం కండెలు చుట్టేది, మూడు గంటలకు నన్ను వెంటబెట్టుకుని నాన్‌పురాకు నడిచేది. పార్సీల ఇల్లని గుమ్మం ముందే తెలిసేది. చిల్లుల డబ్బాలో సున్నప్పొడి పోసి గడప ముందు చేపల ముగ్గు అద్దేవాళ్లు. లోపల పుదీనా, నిమ్మగడ్డి వేసి కాచిన టీ వాసన. పొద్దువాలే వేళకు కాకా చెల్లెలు వెండి ధూపదానిలో నిప్పులు వేసి చందనం, సాంబ్రాణి పొగ అన్ని గదులకూ చూపించేది. ఏ కూర వండినా చివరికి దాని మీద గుడ్లు కొట్టి పోసేవాళ్లు. బెండకాయల మీద కూడా గుడ్డు పోశారని అమ్మ ఇంటికి వచ్చి నవ్వేది. "కూరగాయల మీద గిదేం జులుమే!" అనేది. ఆ ఇంట్లో అంతా మంచే ఉందని రాయను. అమ్మకు టీ ఇచ్చే ఎనామిల్ గ్లాసు వేరుగా పెరటి గూట్లో ఉండేది. దాన్ని అమ్మే కడుక్కుని బోర్లించి రావాలి. అమ్మ ముందు గుమ్మంలోంచి ఏనాడూ రాలేదు. నేను మాత్రం వరండా దాకా వెళ్లేదాన్ని, ఎందుకంటే నాకు రాయడం వచ్చు.

సొరాబ్ కాకా సూరత్ కోర్టులో ముప్పై ఏళ్లు దుబాసీగా పనిచేసి విరమించిన మనిషి. సాక్షి గుజరాతీలో చెప్పింది జడ్జికి ఇంగ్లీషులో, జడ్జి అడిగింది సాక్షికి ఉర్దూలో చెప్పేవాడు. ఇంట్లో కూడా నల్ల టోపీ తీసేవాడు కాదు. పెన్సిలు బ్లేడుతో చెక్కి, ఆ చెక్కుడు పొట్టు కాగితంలో పొట్లం కట్టి పారేసేవాడు. శనివారం కలాల పాళీలన్నీ వేడినీళ్లలో కడిగి వరసగా ఆరబెట్టేవాడు. లాటిన్ తనకు తానే నేర్చుకున్నాడు. ఒక భాషలో మాటకు ఇంకో భాషలో చుట్టం ఎవరో వెతకడం ఆయన వ్యసనం. తెలుగు ఆయనకు ముక్క రాదు. నేను పెరటి మెట్టు మీద కూర్చుని ఎక్కాల పుస్తకం చదువుకుంటుంటే ఒకనాడు పిలిచి, గుజరాతీలో, "మోయడాన్ని మీ ఇంట్లో ఏమంటారు?" అని అడిగాడు. ఒకటి కాదు, ఐదు మాటలు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మర్నాటి నుంచి జరీ పెట్టెల అట్టలు కత్తిరించి చీటీలు చేసిపెట్టాడు. రోజుకు పది చీటీలు నా పని, రెండు నాన్‌ఖటాయీలు నా కూలి.

ఫ్రెనీ ఫొటోలు తీసిన ఆ చీటీల డబ్బా మొత్తం ఒక్క క్రియది. లాటిన్‌లో 'ఫెరో' అంటే మోస్తున్నాను. దాని పుట్టుక కాకా నాకు నీళ్ల బిందెలు మోసుకొచ్చే ఆడవాళ్లను కిటికీలోంచి చూపిస్తూ చెప్పాడు. "మా ప్రార్థనల భాషలో వీళ్లు చేసేదాన్ని బరైతి అంటారు, దీక్రీ. మీ సంస్కృతంలో భరతి. గ్రీకువాడు ఫెరెయ్ అన్నాడు. లాటిన్‌వాడి నోట్లో భ పలకలేదు, ఫ అయింది. ఇంగ్లీషువాడు బేర్ అన్నాడు. బిందె ఒకటే, తలలు మారాయి." దీక్రీ అంటే గుజరాతీలో కూతురు. ఆ పిలుపు కోసం నేను ఇంకో పది చీటీలు రాసేదాన్ని. ఇంగ్లీషులో 'సఫర్' అంటే అడుగు నుంచి మోయడమనీ, 'ఆఫర్' అంటే ఎదుటికి మోసుకురావడమనీ, 'ట్రాన్స్‌ఫర్' అంటే అవతలికి మోయడమనీ ఆయన చెబుతుంటే వింటూ నోరు తెరిచేదాన్ని. అన్నిటికంటే వింత ఒకటుంది. లాటిన్‌లో మోస్తున్నాను అనడానికి ఒక మూలం, మోశాను అనడానికి పూర్తిగా వేరే మూలం. 'తులి' అంటారు. అది మన తులకు, అంటే త్రాసుకు, చుట్టం. "మోసేటప్పుడు ఒక తల్లి, దించాక ఇంకో తల్లి. చూశావా ఈ లాటిన్‌వాళ్ల సంసారం!" అని ఆయనే నవ్వుకునేవాడు.

పుస్తకాల్లో ఉన్న మాటలు ఆయన రాసుకునేవాడు. ఊళ్లో బతికి ఉన్న మాటలు నేను తేవాలి. దానికొక నియమం ఉంది. చీటీ ముందు మాట, వాక్యం. వెనక ఆ వాక్యం అన్న మనిషి పేరు, గల్లీ, చేసే పని, నేను విన్న రోజు. ప్రతి చీటీ చేతికి తీసుకోగానే ఆయన దాన్ని ముందు తిరగేసేవాడు. "కోణ్ బోల్యూ?" అనేవాడు. ఎవరన్నారు? ఎవరో అన్నారంటే చీటీ చింపేసేవాడు. ఒకరు అన్నారని ఇంకొకరు చెప్పారంటే అదీ చింపేసేవాడు. "కోర్టులో అది సాక్ష్యం కాదు. నీ చెవితో విన్నావా? విన్నది ఎవరి నోట? పేరు లేని మాటకు విలువ లేదు." అందుకని నేను మనుషుల వెంట తిరిగాను. సహారా దర్వాజా దగ్గర హమాలీ యాదగిరి "గింత భారం ఒక్కనితోని గాదు, ఇంకొకన్ని పిలువు" అన్నాడు. పేరు అడిగితే, "నా పేరు రాస్కపోయి పోలీసోళ్లకు ఇస్తవా బిడ్డా?" అన్నాడు. పడవ నడిపే ఒక ముసలాయన తాపీ నదిలోకి సముద్రపు పోటు వస్తుంటే చూపించి "భర్తీ ఆవీ" అన్నాడు. నది నిండడాన్ని గుజరాతీలో అలా అంటారు. గడ్డి అమ్మే ఆమె తల మీది మోపును భారో అంది. మా గల్లీ దర్జీ భార్య చీర మీద దారంతో పువ్వులు నింపడాన్ని భరత్ అంది. నది, గడ్డి, చీర, ఒక్క క్రియ కింద చేరాయి.

అన్నీ చేరనిచ్చేవాడనుకోకండి. మన బరువు అనే మాటను నేను గర్వంగా తీసుకువెళ్లాను. దాన్ని ఆయన వారం రోజులు దగ్గర పెట్టుకుని, "పోలిక ఉంది, సాక్ష్యం చాలదు" అని రాసి వేరే డబ్బాలో వేశాడు. గుజరాతీలో తలుచుకోవడాన్ని సంభార్‌వుం అంటారు. వినడానికి మన సంభారాల్లా ఉంది కదా అని తెచ్చాను. "ఇది స్మరణ కూతురు. ఈ ఇంటిపిల్ల కాదు" అని తీసేశాడు. ఆ కచ్చితం నాకు నచ్చింది. ఆ తర్వాత నేను లెక్కల టీచరునయ్యానంటే అందులో సగం ఆ వరండాది.

నూట నలభై మూడు చీటీల్లో ఇలా వీధిలో విన్నవి అరవై ఒకటి. ఆ అరవై ఒకటీ ముప్పై ఏడుగురు మనుషుల నోట వచ్చాయి. వాళ్లనే కమిటీ "స్థానిక కూలీలు" అని ఒక్క మాటతో దాటేసింది.

స్మారక సభ ఒకటి ఆన్‌లైన్‌లో పెట్టారు. మా తమ్ముడి మనవరాలు ఫోన్‌ను గ్లాసుకు ఆనించి పెట్టి వెళ్లింది. ఒక పెద్దమనిషి కాకా చెవి గొప్పతనాన్ని ఇరవై రెండు నిమిషాలు పొగిడాడు. తెలుగు కూలీల మాటలోని సొగసును ఆ చెవి ఎలా పట్టిందో అని ఆశ్చర్యపోయాడు. ఆ చెవికి తెలుగు రాదు నాయనా! ఆ చెవి నాది! ఆ సొగసు యాదగిరిది! చేయెత్తే బొమ్మ ఎక్కడ నొక్కాలో తెలియక, నొక్కేసరికి సభ ముగిసింది.

ఆ రోజుల్లో నా కోపానికి ఇంకో కారణం కూడా ఉంది. మొదటి లాక్‌డౌన్‌లో సూరత్‌లోని బమ్రోలి నుంచి, ఇప్పుడు నేనుంటున్న లింబాయత్ నుంచి మగ్గాల పనివాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని ఊళ్లకు నడిచారు. వార్తల్లో వాళ్లు ఒక సంఖ్య. నేను సంఖ్యలతో బతికినదాన్ని, సంఖ్య అంటే నాకు గౌరవం. కాని పేరు రాసుకోవడానికి ఎవరికీ తీరిక లేనప్పుడు వేసే సంఖ్య వేరు, అది లెక్క కాదు, చీపురు. మా గల్లీ నుంచి వెళ్లిన ఇరవై ముగ్గురి పేర్లు నేను క్యాలెండర్ వెనక రాసుకున్నాను. వాళ్లలో పదకొండు మంది నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్లు. రెండో ఏడు ఆసుపత్రుల ముందు జనం నిలబడితే ఒకరు ఇంకో చోటికి రెఫర్ చేశామన్నారు, అక్కడివాళ్లు మరో చోటికి రెఫర్ చేశారు. అది కూడా ఆ క్రియ బిడ్డే, వెనక్కి మోసుకుపోవడం. మోసింది మాత్రం ఆటోవాళ్లు. కాకా బతికి ఉంటే ఆ ఆటోవాళ్ల పేర్లు అడిగేవాడు. అప్పట్లో ఒక్క మాట కోసం మనిషి పేరు అడిగేవాళ్లు ఉండేవాళ్లు. ఇప్పుడు మనిషే పోతున్నా పేరు అడగరు. అప్పుడు నేను అలాగే అనుకున్నాను, అలాగే ఫ్రెనీకి మూడు పేజీల ఉత్తరం రాశాను. చివర, వెనక పేర్లు వేయకపోతే ముందున్న నా రాత వేయడానికి నేను ఒప్పుకోనని రాశాను.

నాలుగు రోజుల తర్వాత ఫ్రెనీ ఫోన్ చేసింది.

"ఆంటీ, కమిటీని ఒప్పించాను. కాని వాళ్లది ఒక షరతు. అరవై ఏళ్ల నాటి పెన్సిల్ రాతను నమ్మి పేర్లు ఎలా వేస్తామంటున్నారు. రాసిన మనిషి మీరు ఉన్నారు కదా. ప్రతి మాటా వెనకున్న మనిషే అన్నదని, మీ చెవితో విన్నారని, సంతకం పెట్టి ఇవ్వాలట. ఒక్కటి తేడా ఉన్నా పేర్లన్నీ తీసేస్తారట."

"పెడతాను. అందులో తేడా ఏముంటుంది? సొరాబ్ కాకా చూసిన చీటీలు అవి."

వెనక వైపు ఫొటోలు అరవై ఒకటీ వచ్చాయి. ఒక నోటుబుక్కులో ముప్పై ఏడు పేర్లు ఎక్కించాను. వాళ్లలో ఎవరి పిల్లలు సూరత్‌లో మిగిలారో వాకబు చేశాను. నలుగురు దొరికారు. అందరికంటే దగ్గరివాడు మల్లయ్య. బేగంపురాలో మా గోడ పక్క గదిలో ఉండిన నర్సవ్వ కొడుకు. ఇప్పుడు మా లింబాయత్‌లోనే రెండు గల్లీల అవతల ఉంటాడు. నలభై ఏళ్లు మగ్గం నడిపి చెవులు మందగించిన మనిషి. ఉత్సాహం పట్టలేక ముందు అతనికే ఫోన్ చేశాను.

"మల్లయ్యా, మీ అమ్మ పేరు పుస్తకంలో వస్తుంది."

"ఏందక్కా? జర గట్టిగ చెప్పు. ఏం పుస్తకం?"

చెప్పాను. అతను కేక వేసి భార్యను పిలిచాడు. "ఇగో, మా అవ్వ పేరు బుక్కుల వస్తదట! మరి ఏమన్నదక్కా మా అవ్వ? గా మాట చదువు."

ఫొటో జరిపి చీటీ ముందు వైపు తీశాను. ఇన్నేళ్లూ తలవకుండా నెట్టేసిన చీటీ అది. అతను అవతల "చదువక్కా, చదువు" అంటున్నాడు. చదివాను. "ఇన్ని దినాలు భరించిన. ఇగ భరించ."

మల్లయ్య మెల్లగా, "మా అవ్వ అన్నదా గిట్ల?" అన్నాడు. "జర మల్ల చదువక్కా." మళ్లీ చదివాను. సాయంత్రానికి ఆ వాక్యం రెండు గల్లీలకూ తెలిసింది. మాస్కులు గదవ మీదకు దించుకుని ఆడవాళ్లు దాన్ని ఒకరికొకరు చెప్పుకోవడం నేను మేడ మీద నుంచి విన్నాను.

ఆ మాట నర్సవ్వ అనలేదు.

మగ్గాలకు కరెంటు లేని రోజు అది, మిట్టమధ్యాహ్నం. నాయిన తాగి వచ్చాడు. కండెల బుట్టను తన్నాడు, తర్వాత అమ్మను. అది కొత్త కాదు. కొత్తగా జరిగింది ఏమిటంటే, అమ్మ లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకుని, కేక వేయకుండా, ఏడవకుండా ఆ వాక్యం అంది. నేను మూలన చీటీలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. నన్ను నేను క్షమించుకోలేని సంగతి ఇది: భయపడ్డాను, నిజమే, కాని అంతకంటే ముందు సంబరపడ్డాను. మా వైపు ఎవరైనా అలాంటప్పుడు 'ఓర్సుకున్న' అంటారు. అమ్మ 'భరించిన' అంది. జరిగినది ఒకటి, జరగబోనిది ఒకటి, ఒకే క్రియ, ఒకే ఊపిరిలో. నా డబ్బాలో అంతకు మించిన చీటీ లేదు. అమ్మ పళ్లెం, చెంబు, మా బట్టలు మూట కడుతుండగా నేను ఆ వాక్యం రాసుకున్నాను. ఆ రోజే మేం ఆ గది వదిలి రుస్తంపురాలో ఒక వంటింటి పక్క వసారాకు మారాం. నాయిన ఏడాది తర్వాత వచ్చాడు, తాగకుండా వచ్చాడు, గుమ్మం బయట నిలబడి అడిగి లోపలికి వచ్చాడు.

చీటీ వెనక రాయాల్సి వచ్చినప్పుడు పెన్సిలు కదలలేదు. అప్పటికి ఒక్క చీటీ వెనక కూడా మా అమ్మ పేరు లేదు. ఎందుకు లేదంటే కాకాకు ఆమె పెరట్లో గిన్నెలు తోమే రాజు. నేను వరండాలో కూర్చునే దీక్రీని. ఆ రెంటి మధ్య ఉన్న గోడను నేను నా చేత్తో కాపాడుకుంటూ వచ్చాను. పైగా మా నాయిన కొడతాడని ఆ ఇంట్లో తెలియడం నాకు చావుతో సమానం. నర్సవ్వ అని రాశాను. బేగంపురా, కండెల పని, విన్న రోజు. రోజు మాత్రం సరిగానే రాశాను.

కాకా ఆ చీటీ చదివించుకుని, అర్థం చెప్పించుకుని, లేచి నిలబడ్డాడు. చీటీ పట్టుకుని పెరటి గుమ్మం దాకా వెళ్లాడు. "రాజూ, మీ గల్లీలో నర్సవ్వ అని ఎవరైనా ఉందా? ఇంత పెద్ద మాట అన్నదట." నా నోట విన్న ఆ వాక్యాన్ని వంకర పలుకుతో గట్టిగా అన్నాడు. అమ్మ చేతిలో బూడిద పూసిన పతీలా ఉంది. ఎడమ కంటి కింద వాపు ఇంకా తగ్గలేదు. ఆమె నావైపు ఒక్కసారి చూసింది. తర్వాత అంది, "ఉన్నది సేట్. మా పక్కింట్ల ఉంటుండె. గామె గట్లనే మాట్లాడుతది." మళ్లీ వంగి పతీలా తోమింది. నడిచి ఇంటికి వచ్చేటప్పుడు నన్ను తిడుతుందని ఎదురుచూశాను. "కాళ్లు తొందరగ వెయ్యే, నల్లా నీళ్లు పోతయి" అంది, అంతే. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు బతికింది. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కమిటీని తిట్టడానికి నాకు మూడు పేజీలు పట్టాయి. వాళ్లు ముప్పై ఏడుగురి పేర్లు తెలియక తీశారు. నేను ఒక్క పేరే తీశాను, తెలిసి తీశాను, అది కన్నతల్లిది. అప్పుడు మనుషుల పేర్లు అడిగేవాళ్లు ఉండేవాళ్లని రాశానే, ఆ అడిగిన చోటే నేను అబద్ధం చెప్పాను. సంతకం కాగితం నా ముందు మూడు రోజులు ఉంది. సంతకం పెట్టేస్తే ముప్పై ఏడు పేర్లూ ఉంటాయి, మల్లయ్య సంతోషమూ ఉంటుంది, అమ్మ ఉండదు. నిజం రాస్తే కమిటీ అన్ని పేర్లూ తీసేయవచ్చు. యాదగిరి పోతాడు, పడవ ముసలాయన పోతాడు. ఎటు చూసినా తప్పు నాది, నష్టం ఇంకొకరిది.

నాలుగో రోజు పొద్దున మల్లయ్యను పిలిపించాను. అతను కింద వీధిలో నిలబడ్డాడు, నేను మేడ మెట్ల మీద కూర్చున్నాను. అతనికి వినపడాలంటే అరవాలి. ఆ మాట అరిచి చెప్పాల్సి వచ్చింది.

"మల్లయ్యా, ఆ మాట మీ అమ్మది కాదు. నేను తప్పు పేరు రాశాను."

"నాకెరుకే అక్కా."

"ఏం ఎరుక?"

"మా అవ్వ గా మాట అనది. మా నాయిన ముంగట ఆమె గట్టిగ దగ్గింది గూడ నేను జూడలే." అతను మాస్కు కిందకు లాగి ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు చదివినప్పుడే అనుమానమొచ్చింది. అయినా, నేను ఇంట్ల లేనప్పుడు ఒక్కపారన్న అన్నదేమో అని సంబురపడ్డ. గంతే. మరి ఎవరిది గా మాట?"

"మా అమ్మది."

"రాజవ్వ పెద్దమ్మదా! అయితే అయ్యుంటది." తల ఊపాడు. "మీరు సామాన్లు నెత్తిన వెట్టుకొని పోయిన దినం నాకు యాదికున్నది. ఆరేండ్లుంటయి నాకు. అవ్వ నన్ను సంకనెత్తుకొని కిటికీల నిలవడ్డది. 'జూడు బిడ్డా, పోతున్నది జూడు' అన్నది. మీరు గల్లీ మలిగెదాంక అదే మాట. మా అవ్వ మాట గదే ఉన్నది. గది వెయ్యరాదు బుక్కుల?"

"అది ఆ డబ్బాలోకి రాదు మల్లయ్యా. ఆ క్రియ కాదు. నేను చెవితో విన్నది కూడా కాదు."

"ఏందో నీ లెక్క. రాకపోతే రాకపాయె" అని అతను వెళ్లిపోయాడు. ఆ రోజు గోడ అవతల ఏం జరిగిందో అరవై ఏళ్లు నాకు తెలియదు. నర్సవ్వ పేరు దొంగలించి పెట్టుకున్నానే గాని, ఆమె ఆ రోజు కిటికీలో నిలబడి ఏం చూసిందో అడగాలని ఎన్నడూ అనిపించలేదు.

ఆ మధ్యాహ్నం కమిటీకి రాశాను. అరవై చీటీలు నిజం, ఒకటి తప్పు. అన్నది రాజవ్వ, మీరు ఎవరి స్మారక సంపుటి వేస్తున్నారో ఆయన ఇంట్లో గిన్నెలు తోమిన మనిషి. విన్నది కూతురు. తప్పు పేరు రాసింది కూడా ఆ కూతురే. ఈ తప్పుకు శిక్ష వేయాలనుకుంటే ముందు వైపున్న నా రాత తీసేయండి, వెనకున్న పేర్లు తీయకండి. ఫ్రెనీ ఆ ఉత్తరం వాళ్లకు ఫోన్‌లో చదివి వినిపించిందట. వాళ్లు పేర్లు ఉంచారు. పెద్ద మనసు చేసుకుని కాదు, ఒక తప్పును తానే చెప్పిన సాక్షి మిగతావి నిజమే చెప్పి ఉంటుందని వాళ్లలో ఒకాయన వాదించాడట.

పుస్తకం వచ్చింది. వేలు పెట్టి లెక్కపెట్టాను. ముప్పై ఏడు పేర్లే. ఒకటి పోయి ఒకటి వచ్చింది కనుక మొత్తం మారలేదు. "స్థానిక కూలీలు" అన్న మాట మాత్రం ముందుమాటలో ఇంకా ఉంది, దాని మీద నేను మళ్లీ రాశాను, జవాబు రాలేదు. మా అమ్మ పేరు నలభై ఒకటో పేజీలో ఉంది. నర్సవ్వ పేరు ఎక్కడా లేదు. నేను చెవితో వినలేదు, ఆ క్రియా కాదు, కాకా ముందు పెడితే చింపేసేవాడు. అయినా ఇక్కడ రాస్తున్నాను. "జూడు బిడ్డా, పోతున్నది జూడు." అన్నది నర్సవ్వ, బేగంపురా, కండెల పని. విన్నది కొడుకు మల్లయ్య.